రాతిలో ఆకు

నా చిన్నప్పుడు మా తాత ఇంట్లో సుత్తి మోగని రోజంటూ ఉండేది కాదు, నాకు అమ్మవారు పోసి ఆ ఇంట్లో పడున్న పదిహేను రోజులు తప్ప. తాత, అంటే మా అమ్మ తండ్రి, రోళ్ళూ సన్నికళ్ళూ కొట్టేవాడు. తిరుత్తణికి రెండు మైళ్ళ అవతల, కొండ వారన వాళ్ళ ఇల్లు. తెల్లవారుతూనే పెరట్లో ఉలి మీద సుత్తి పడేది, పొద్దుగూకే దాకా పడుతూనే ఉండేది. ఆ చప్పుడు కాసేపు ఆగితే మనిషికి ఏమైందోనని అవ్వ వంటింట్లోంచి తొంగి చూసేది.

అమ్మవారు పోయడాన్ని ఇప్పటివాళ్ళు చికెన్‌పాక్స్ అంటారు. మా వైపు దాన్ని జబ్బు అనేవారు కాదు, అమ్మ ఇంటికి వచ్చిందనేవారు. అమ్మ వచ్చిన ఇంట్లో దంచకూడదు, రుబ్బకూడదు, తాలింపు పెట్టకూడదు, ఇనుముతో రాతిని కొట్టకూడదు. ఆ ఇంటివాళ్ళు ఇంకొకరి గడప తొక్కకూడదు. ఒంటి మీద మూడుసార్లు వేపాకు నీళ్ళు పోస్తారు, ఆ మూడో నీళ్ళు ముగిసేదాకా ఈ కట్టు. కాబట్టి ఆ ఇంట్లో చిక్కుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాదు. పొక్కులు నాకు లేచాయి, సుత్తి తాత చేతిలోంచి దిగిపోయింది.

మేముండేది తిరువళ్ళూరులో. నాకు తొమ్మిదేళ్ళు నిండాక, ఇక పిల్లలు లేరనుకున్న ఇంట్లో తమ్ముడు పుట్టాడు. వాడు పుట్టిన పదమూడో రోజు పొద్దున నా మొహం చూసి మా నాయన చేతిలోని చెంబు కింద పెట్టేశాడు. నా నుదుటి మీద నీటి బుడగల్లాంటి పొక్కులు. ఇంట్లో పసిగుడ్డు, బాలింత. నన్ను దుప్పట్లో చుట్టి, ఎవరి కంటా పడకుండా తీసుకెళ్ళి తిరుపతి పాసింజరు ఎక్కించాడు. అమ్మ గదిలోంచి బయటికి రాలేదు, రానివ్వలేదు. బండిలో ఎవరైనా అడిగితే చలిజ్వరమని చెప్పాడు. తాత ఇంటి ముందు దింపి, లోపలికి రాకుండానే, "మూడు దినాల్లో వచ్చి పిలుచుకొని పోతా పాపా" అని వెనక్కి తిరిగాడు. మూడు దినాలు చాలవని ఆయనకూ తెలుసు. ఆ రోజు గుండె రాయి చేసుకుని వచ్చానని తర్వాత ఎన్నోసార్లు అనేవాడు. ఆ మాట మీద నాకొక పేచీ ఉంది, చివర్లో చెబుతాను.

నన్ను పడుకోబెట్టింది వడ్లు పోసుకునే చిన్న కొట్లో. ఒకే ఒక్క కిటికీ, జానెడు వెడల్పు. అందులోంచి కొండ తప్ప ఇంకేమీ కనబడదు. నేల మీద పసుపుగుడ్డ, దాని మీద వేపమండలు, వాటి మీద నేను. గోకకూడదు, దురద పుడితే వేపరెమ్మతో నిమురుకోవాలి. తల దువ్వకూడదు. అద్దం చూడకూడదు. గడప దాటకూడదు. అవ్వ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "తల్లీ" అనడం మొదలుపెట్టింది. నాతో మాట్లాడుతోందో, నాలోకి వచ్చిన అమ్మతో మాట్లాడుతోందో తెలిసేది కాదు. నాకు పుట్టినప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. మూడో రోజు రాగి అంబలి గిన్నె ఎత్తి గోడకు కొట్టాను. అవ్వ తిట్టలేదు. అమ్మకు కోపం వచ్చిందని చెంపలు వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది, నేను నేనుగానే ఉన్నానని తెలిసేది.

దురదకన్నా ఎక్కువగా నన్ను కాల్చుకు తిన్నది ఇంకొకటుంది. ఆ పొక్కులు నాకు ముందురోజే లేచాయి. నీళ్ళు పోసుకుంటుంటే కడుపు మీద రెండు కనబడ్డాయి. చెబితే తమ్ముణ్ణి ముట్టుకోనివ్వరని తెలుసు. అప్పటికే పన్నెండు రోజులుగా దూరంగా కూర్చో, తర్వాత ఎత్తుకుందువులే అంటూ వాణ్ణి ఒక్కసారి కూడా నా చేతికి ఇవ్వలేదు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుండగా మెల్లగా లోపలికి పోయి వాణ్ణి ఎత్తుకున్నాను. నా చెంప వాడి చెంపకు ఆనించాను. వాడి చెంప ఎంత చల్లగా ఉందో అనుకున్నాను. అంటే నాదే కాలుతోందన్నమాట. ఆ సంగతి మర్నాడు బండిలో కూర్చున్నాక తట్టింది.

అప్పటినుంచీ నాకు ఒకటే ప్రశ్న, తమ్ముడు బతికే ఉన్నాడా అని. ఎవరినీ అడగలేను. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారు. ఆ ఊరి నుంచి ఎవరూ రారు, ఈ ఇంటి నుంచి ఎవరూ పోరు. కళ్ళు మూసుకుంటే చల్లటి చెంప, తెరిస్తే కొండ. 

తాత పగలంతా నా గడప అవతల కూర్చునేవాడు. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఒక రోజు చాప అల్లబోయి చెడగొట్టి, అవ్వ చేత చీవాట్లు తిన్నాడు. నాలుగో రోజు పెరట్లోని గుట్టలోంచి ఒక రాయి తెచ్చి గడప మీద పెట్టాడు. రాయికి అంటు లేదట. నేను తాకిన రాయిని ఆయన మళ్ళీ తాకొచ్చు.

రాళ్ళ గురించి తాతకు రెండు చదువులుండేవి. ఒకటి ఉలి నేర్పింది. రెండోది, వయసులో ఉన్నప్పుడు కొండల్లో రాళ్ళను పరిశీలించే ఒక ఆఫీసరు వెంట మూడు ఎండాకాలాలు సంచి మోసి నేర్చుకున్నది. తిరుత్తణి నుంచి అటు సత్యవేడు దాకా, ఇటు శ్రీపెరుంబుదూరు దాకా నడిచారట. ఆఫీసరు తమిళంలో చెప్పిందంతా తాత తెలుగులో దాచుకున్నాడు. "ఆయన బంగారం వెతకతా ఉండాడని ఊరంతా అనుకునింది. ఏ రాయి ఏ రాయికి పుట్టిందో అని ఆయన వెతికింది" అని నవ్వేవాడు.

మొదటిరోజు పెట్టింది మా కొండ రాయే. నల్లచార, తెల్లచార, మళ్ళీ నల్లచార, రాగిపిండీ బియ్యప్పిండీ కలిపీ కలపకుండా పిసికినట్టు. మర్నాడు ఇసుకరాయి తెచ్చాడు. వేలితో రుద్దితే అరచేతిలోకి ఇసుక రాలింది. ఆ తర్వాతి రోజు ఒక ముద్ద, గులకరాళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని, అచ్చం వేరుశనగ పాకం ఉండ. తాలింపు లేని కట్టు కూటితో నోరు చచ్చిపోయి ఉన్నానేమో, తాత అటు తిరగగానే దాన్ని నాకి చూశాను. మట్టి రుచే.

ఇవన్నీ వేరువేరు రాళ్ళనుకున్నాను. కాదని తాత చెప్పాడు. కొండ ఎండకు బీటలిస్తుంది, వానకు రాలుతుంది. రాలింది కుశస్థలి ఏట్లో ఇసుకవుతుంది. ఇసుక మీద ఇసుక, ఒండ్రు మీద ఒండ్రు పడి, కిందిది బరువుకు అణిగి గట్టిపడి మళ్ళీ రాయవుతుంది. అది ఇంకా లోతుకు కూరుకుపోతే అక్కడ భూమి పొయ్యిలా ఉంటుంది. పైన బరువు, కింద వేడి, పక్కకు జరగడానికి సందు ఉండదు. అప్పుడు అది లోపల్లోపలే మారి చారల రాయవుతుంది. మరీ లోతుకు పోతే కరిగి పాకమవుతుంది, ఆ పాకం చల్లారి ఇంకో రకం గట్టి రాయవుతుంది. పైనున్నదంతా కొట్టుకుపోయాక ఎప్పుడో అది కొండగా బయటపడుతుంది. దాన్ని మళ్ళీ ఎండ పట్టుకుంటుంది. చారలు ఎలా పడతాయో తన తువ్వాలును మడతలు మడతలుగా మోకాళ్ళ మధ్య నొక్కి చూపించాడు.

"ఎన్నాళ్ళు పడతాది తాతా?"

"లెక్కకు అందదు పాపా. మన ఊరు, మన వంశం, రాజుల కాలం, అన్నీ కలిపినా దానికి ఒక పూట."

"అన్నాళ్ళూ ఆ చీకట్లోనేనా?"

"చీకట్లోనే. యాడికి పోతాది పాపం?"

నేను బావురుమన్నాను. రాయి మీద జాలితో ఏడుస్తున్నాననుకుని తాత కంగారుపడ్డాడు. ఇంకోరోజు, ఆ చారల రాయి మళ్ళీ మొదటిలాగా అవుతుందా అని అడిగాను.  ఆయన పిల్లలకు తోచిందేదో చెప్పేసే మనిషి కాదు.

"వచ్చిన దోవన యెనక్కి పోయేది రాయికి లేదు పాపా. ముందుకే పోవల్ల. పగలల్ల, ఇసుక కావల్ల, మళ్ళా అణగల్ల. ఆగిపోయేది మాత్రం దానికి లేదు."

ఆ జవాబు నాకు రుచించలేదు. నాకు కావలసింది వెనక్కి పోయే దారే. ఆ మధ్యాహ్నానికి పోయి, వాణ్ణి ఉయ్యాల తొట్టిలో అలాగే ఉండనిచ్చి, చప్పుడు చేయకుండా బయటికి వచ్చేయాలి. ఇంకే దారీ నాకు అక్కర్లేదు.

తొమ్మిదో రోజు తొలి నీళ్ళు పోశారు. ఆ మర్నాడు తాత గూట్లోంచి ఒక గుడ్డమూట తీశాడు. ఆఫీసరు వెళ్ళిపోతూ ఆయనకిచ్చిన రాయట అది. శ్రీపెరుంబుదూరు దారిలో బావి తవ్వుతుంటే దొరికింది. అరచేయంత తెల్లటి పలక, దాని మీద ఒక ఆకు. నడుమ ఈనె, అటూ ఇటూ సన్నటి రెబ్బలు. వేపరెమ్మే అనుకున్నాను. వేప కాదని, ఇప్పుడు భూమ్మీద లేని ఏదో చెట్టుదని తాత చెప్పాడు. అది బురదలో పడింది, దాని మీద బురద పడింది, ఆ బురదంతా అణిగి రాయయ్యేలోపు ఆకు పోయింది, గురుతు మిగిలింది. అవ్వ చెంబుతో గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. "ఆకు రాయిలో పడిందంట, ఈయన చూసినాడంట! ఊరుకో ముసలోడా" అని మూతి తిప్పుకుని పోయింది.

పన్నెండో రోజు రెండో నీళ్ళు అయ్యాయి. ఆ మధ్యాహ్నం తాత రెండు రాళ్ళు తెచ్చాడు. రోటికి రాయి ఎంచేముందు దాన్ని తట్టి చెవి ఒగ్గడం ఆయన అలవాటు. సుత్తి కూడదు కనుక ఆ రోజు చిన్న గులకరాయితో మెల్లగా తట్టాడు. మొదటిది చిన్న గంటలా మోగింది. రెండోది 'డబ్' అంది. పైకి రెండూ నున్నగానే ఉన్నాయి. రెండోదాని లోపల పగులుందట. అలాంటి రాయిని చూసుకోకుండా రోలు చెక్కి అమ్మితే, ఏ ఇల్లాలో పిండి రుబ్బుతుండగా రెండుగా విడిపోతుందట. నాచేత కూడా తట్టించి వినిపించాడు. తర్వాత నా వైపు చూడకుండా, ఆ రాయినే చూస్తూ అన్నాడు.

"నువ్వు వచ్చిన దినం నుంచీ డబ్ అంటా ఉండావు పాపా. పొక్కులకైతే కాదు. పొక్కులు పైన ఉండేవి."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. తాత ఏమీ అడగలేదు. లేచిపోనూ లేదు. గోడ మీద ఎండ చార పైకి జరిగింది. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, గోడకే అంతా చెప్పాను. కడుపు మీది రెండు పొక్కులు, అమ్మ కునుకు, చల్లటి చెంప. చివరికి "తమ్ముడు చచ్చిపోయుంటాడా తాతా?" అన్నాను.

ఏమీ కాదులే అని తాత అనలేదు. ఆ ఒక్కందుకు ఆయనకు ఈనాటికీ దణ్ణం పెడతాను. "తెలీదు పాపా. పోయి తెలుసుకొని రావల్ల" అంటూ లేచాడు.

లేచాక గుర్తొచ్చినట్టుంది, పోవడానికి లేదని. మూడో నీళ్ళు ఇంకా మూడు రోజులు. అమ్మ ఉన్న ఇంటి మనిషి ఎదురింటికే పోకూడదు, ఇక పసిబిడ్డ ఉన్న ఇంటికా? చిలక్కొయ్య మీది చొక్కా తీశాడు, మళ్ళీ తగిలించాడు, మళ్ళీ తీశాడు. అప్పుడు చూశాను, గుమ్మంలో అవ్వ. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. ఆచారం విషయంలో ఆమె గీసిన గీత దాటినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఇప్పుడు ఇల్లు ఎగిరిపోతుందనుకుని గుడ్డ మొహం మీదికి లాక్కున్నాను.

అవ్వ గడప మీదున్న తెల్లపలక తీసుకుని లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి దానికి పసుపు రాసి ఉంది. మా కళ్ళ ముందే బొటనవేలితో కుంకుమ అద్ది ఆకు గీతల్లోకి నొక్కింది.

"చూడు, యాపాకు. అమ్మ రాతిలో వచ్చి కూర్చోనుంది. తిరువళ్ళూరులో బిడ్డను చూడల్లని అడగతా ఉంది. అమ్మను మోసేవానికి కట్టు లేదు. మోసకపో."

"అది యాప కాదే..." అని నోరు తెరిచిన తాత, ఆమె మొహం చూసి మూసుకున్నాడు.

"వీధిలోనే నిలబడు. గడప తొక్కొద్దు. అమ్మను మెట్టు మీద పెట్టి, బిడ్డ ఎట్లుండాడో అడిగి వచ్చెయ్" అంది అవ్వ.

మర్నాడు తెల్లవారుతూనే తాత పలకను తువ్వాల్లో కట్టి నెత్తిన పెట్టుకుని తిరుత్తణి స్టేషనుకు నడిచాడు. నా జీవితంలో అంత పొడుగు పగలు మళ్ళీ రాలేదు. కిటికీలో కొండ కదలకుండా ఉంది. అది కూడా ఒకప్పుడు ఎక్కడో అణిగి, ఎటూ జరగలేక పడున్నదేనని అప్పటికి నాకు తెలుసు. తెలిస్తే ఏం, ఆ రోజు నాకు దానివల్ల ఇసుమంత ఓదార్పు కూడా కలగలేదు. అవ్వ పనులన్నీ వదిలేసి కొట్లోకి వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు నన్ను తల్లీ అనలేదు, పేరు పెట్టి పిలిచింది.

దీపాల వేళకు తాత వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా గడప దగ్గర కూలబడి, "బతికే ఉండాడు" అన్నాడు. మిగతాదంతా ఆ తర్వాత.

తమ్ముడికి రెండు రోజుల కిందట పొక్కులు లేచాయి. నాలుగే నాలుగు. ఆస్పత్రిలో చూపించారు. జ్వరం కొద్దిగా ఉంది, పాలు తాగుతున్నాడు. తాత వీధిలో నిలబడి మా నాయనను కేకేసి, ఉన్నదంతా అక్కడినుంచే చెప్పాడట, పాప ముందురోజే పొక్కులతో బిడ్డను ఎత్తుకునిందని, ఆ దిగులుతో గోడకు అతుక్కుపోయిందని.  అంతలో బయటికి రాకూడని బాలింత, మా అమ్మ, బిడ్డతోపాటు వాకిట్లోకి వచ్చేసింది.

"నేను నిద్రపోలేదు నాయినా. చూస్తానే ఉండాను. పాప కండ్లు ఎర్రగా ఉండేది కూడా చూసినాను. ఇన్ని దినాలుగా అడగతా ఉందే, ఒక్క నిమిషం ఎత్తుకోనీ అని నేనే కండ్లు మూసుకున్నాను. తప్పు నాదని పాపకు చెప్పు."

ఆ సంగతి అమ్మ మా నాయనకు కూడా చెప్పుకోలేదట. పది రోజులు తొట్టి పక్కన కూర్చుని, తొలి పొక్కు ఎప్పుడు లేస్తుందా అని బిడ్డ ఒళ్ళు వెతుక్కుంటూ గడిపిందట. ఈ మాట చెబుతూ తాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు మొదట వచ్చింది కోపమే. అమ్మకు తెలిసి కూడా నన్ను ఇన్నాళ్ళు ఇలా వదిలేసిందే అని. కాసేపటికి ఆ కోపమే ఏడుపైంది. ఆమె ఆ గదిలో, నేను ఈ కొట్లో, ఒకే బరువును ఒకరికి తెలియకుండా ఒకరం మోశాం.

పదిహేనో రోజు మూడో నీళ్ళు. ఎండలో కాగిన వేపాకు నీళ్ళు పోసి, అవ్వ నన్ను గడప దాటించింది. నా జుట్టు ఇంకా కారుతూనే ఉంది, పెరట్లో 'టంగ్' మంది. కొన్ని నిమిషాలకు వీధిలో ఎవరో "పెద్దాయన మొదలుపెట్టినాడే" అని నవ్వారు.

రెండు రోజుల తర్వాత మా నాయన వచ్చాడు. తొమ్మిదేళ్ళ దాన్ని చంకనెత్తుకుని రెండు మైళ్ళూ స్టేషనుకు నడిచాడు, దించమంటే దించలేదు. గుండె రాయి చేసుకున్నానని ఆయన అన్నప్పుడల్లా నాకు తాత పెరడు గుర్తొచ్చేది. లోపల ఏమీ జరగనిది రాయి అని ఎవరు చెప్పారో గాని, వాళ్ళు ఏ రాయినీ పట్టి చూడలేదు. అదే నా పేచీ.

పెళ్ళయ్యాక ఒకసారి అవ్వను అడిగాను, అది నిజంగా వేపాకేనని నమ్మావా అని. ఎనభై దాటిన అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నాకు కండ్లు లేవా? యాపాకు అంచు రంపం మాదిరి ఉంటాది. దానికి యాడుంది రంపం?" అని వక్క నములుకుంది.

తమ్ముడికి యాభై దాటాయి. ఎడమ కనుబొమ మీద మినపగింజంత గుంట ఇంకా ఉంది. అడిగినవాళ్ళకు మా అక్క పెట్టిన బొట్టు అంటాడు. పలక నా దగ్గరుంది. ఆకు గీతల్లో అవ్వ కుంకుమ నల్లబడి, రాతిలో రాయైపోయింది. నేను దాన్ని కడగలేదు. మా ఇంట్లో ఏ పిల్ల మాటలోనైనా ఆ 'డబ్' వినిపిస్తే చేతిలో పని పక్కన పెట్టి పోయి దాని దగ్గర కూర్చుంటాను. ఏమైందని అడగను. ఏమీ కాదులే అని ముందుగా చెప్పను. గోడవైపు తిరిగితే తిరగనీ, గోడకైనా చెప్పేదాకా లేవను.